లుసాజో చెంచా

లుసాజో చొక్కా జేబులో పెన్ను ఉండదు, చెంచా ఉంటుంది. కాలేజీ పిల్లల ఖర్చులకని సర్కారు ఇచ్చే డబ్బును మా దారెస్సలామ్‌లో అందరూ బూమ్ అంటారు. అది పడిన వారం లుసాజో కొత్త బూట్లు టకటకలాడిస్తూ దర్జాగా తిరుగుతాడు. తర్వాత మళ్లీ పడేదాకా ఆ చెంచాయే ఆధారం. మా దగ్గర తింటున్నవాడు దారిన పోయేవాణ్ణి “కరీబు, రా తిందాం” అని పిలవాలి. పోయేవాడు “ఇప్పుడే తిన్నా” అని అబద్ధమాడి సాగిపోవాలి. అదీ మర్యాద. లుసాజోకు అబద్ధమాడటం చేతకాదు. “ఇంతగా అడుగుతుంటే కాదంటే ఏం బావుంటుంది?” అంటూ కూర్చుని, మొక్కజొన్న పిండితో వండిన ఉగాలి ముద్ద పక్కనున్న చిక్కుడుగింజల గిన్నెను మెల్లగా తన వైపు జరుపుకుంటాడు.

మొన్న బూమ్ పడింది. లుసాజో నిప్పుల మీద కాల్చిన సగం కోడి కొనుక్కుని హాస్టల్ వెనక నీళ్ల ట్యాంకు చాటున కూర్చున్నాడు. కోడి వాసన మాత్రం చాటున కూర్చోలేదు. తలెత్తేసరికి ఎదురుగా అతని గదిలోనే ఉండే మసాంజా, అతని పక్కన కాలేజీలో జూనియర్ సెకేలా, వాళ్ల వెనక మెట్ల దాకా జనం. అందరి చేతుల్లోనూ చెంచాలు. పిలవకపోతే పరువు పోతుంది, పిలిస్తే కోడి పోతుంది. లుసాజో చప్పున ఓ పెద్ద ముక్క నోట్లో కుక్కుకుని, మాట పెగలనట్టు తల ఊపాడు. మసాంజా అతని ఎదుట తాపీగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. సెకేలా నీళ్ల సీసా మూత తీసి అందించింది.

“మెల్లగా నములన్నా, గొంతుకడ్డం పడుతుంది. నువ్వు పిలిచేదాకా మేమెక్కడికీ పోంలే.”