విదాద్ అబ్లా మెదడు పాఠాలు

ఈజిప్టులోని దుమ్యాత్‌లో మా ప్రాథమిక పాఠశాలలో నేను అరబ్బీ టీచరుగా చేరేనాటికి లైబ్రరీ గదికి తాళం ఉండేది. పుస్తకం పోతే లైబ్రేరియన్ మెడకు చుట్టుకుంటుంది. అందుకని అప్పటిదాకా ఉన్నాయన పదిహేనేళ్ళూ బీరువాలు తెరవకుండానే గడిపి, ఒక్క పేజీ చిరగకుండా రిటైరయ్యాడు. ఆయన చోట్లోకి విదాద్ వచ్చింది. వచ్చిన వారంలోనే బీరువాల తలుపులు ఊడదీయించి, ఆ చెక్కతో పిల్లలకు నాలుగు పొట్టి బల్లలు చేయించింది. చేసిపెట్టింది ఆమె భర్త ఫిక్రీ. మా ఊళ్ళో మూడిళ్ళకొక వడ్రంగి ఉంటాడు. ఫిక్రీది మంచాల మీదా కుర్చీల మీదా నగిషీ చెక్కే పని.

హెడ్మాస్టర్ ఖలీఫాగారు చూడడానికి వచ్చి, గుమ్మం పక్కన ఉన్న బల్ల మీద చెయ్యి ఆనించి ఆగిపోయారు.

"తలుపులేవమ్మా?"

"మీరు చెయ్యి ఆనించింది వాటి మీదేనండీ," అంది విదాద్.

విదాద్ మనిషి పొట్టి, గొంతు మాత్రం పెరట్లోంచి పిలిస్తే మేడ మీద తరగతి అంతా తిరిగి చూసేది. పిల్లలు మా అందరినీ అబ్లా అనే పిలుస్తారు, పంతులమ్మ అంటే అంతే. కానీ ఉత్తినే "అబ్లా" అన్నారంటే అది విదాదే. తక్కిన మాకు పేర్లు తగిలించాల్సిందే.

వాళ్ళ నాన్న కుర్చీలకు పాలిష్ పట్టేవాడు. ముప్పై ఏళ్ళు ఆ స్పిరిట్ ఘాటు పీల్చి పీల్చి ముక్కు పోగొట్టుకున్నాడు. పొయ్యి మీద అన్నం మాడుతున్నా పక్కనే కూర్చుని టీ తాగేవాడట. చిన్నప్పుడు విదాద్ ఆయన్ని అడిగిందట, "నాన్నా, వాసన తెలిసేది ముక్కులోనా, తలలోనా?" అని. "మీ అమ్మనడుగు, నాకు రెండూ లేవంటుంది," అన్నాడట ఆయన. జవాబు ఎవరూ చెప్పలేదు. పన్నెండేళ్ళప్పుడు అద్దె పుస్తకాల దుకాణంలో దొరికిన ఒక పాత ఆరోగ్యశాస్త్రం పుస్తకంలో చదివి తెలుసుకుంది. నాకు ఈ సంగతి చెప్పినప్పుడు, "ఆ రోజు అన్నం తినలేదు ఇనాస్, నిజం చెప్తున్నా. నా తల లోపల ఇంత యవ్వారం జరుగుతోందని ఎవడూ చెప్పలేదే అని కోపం వచ్చింది," అంది.

ఆ కోపమే తరువాత ఆమె పిల్లలకు పాఠం చెప్పే లైబ్రరీ గంట అయింది.

మా లైబ్రరీలో మెదడు గురించి పిల్లలు చదవగలిగిన పుస్తకం ఒక్కటీ లేదు. ఉన్నదల్లా ఎత్తితే నడుం పట్టేసే విజ్ఞాన సర్వస్వం. అందులోంచి ఒక్కో సంగతీ తీసి, చిన్న మాటల్లో తిరగరాసి, నాలుగు పేజీల పుస్తకాలు కుట్టేది. నాలుక గురించి ఒకటి, చెవి లోపలి నత్తగుల్ల గురించి ఒకటి. ముందు చదవాలి, తరువాత చేసి చూడాలి, మళ్ళీ చదవాలి. ఇదీ ఆమె పద్ధతి. కళ్ళకు రుమాలు కట్టి జీలకర్ర, రంపపు పొట్టు, ముక్కిన జున్ను వాసన చూపించేది. ఒకరి వీపు మీద ఇంకొకరు వేలితో అక్షరం రాస్తే అదేమిటో చెప్పాలి. కాగితం మీద ఎడమ పక్క ఇంటూ గుర్తు, కుడి పక్క చుక్క పెట్టించి, ఎడమ కన్ను మూసుకుని ఇంటూ గుర్తునే చూస్తూ కాగితాన్ని మెల్లగా దగ్గరికి తెమ్మనేది. ఒకచోటికి వచ్చేసరికి చుక్క మాయం. పిల్లల కేకలకు నా వ్యాకరణం పాఠం ఆగిపోయేది.

"ఆ చుక్క ఎక్కడికి పోయింది అబ్లా?"

"మూడో పేజీ చదువు. నన్నడిగితే నేను అబద్ధం కూడా చెప్పొచ్చు."

చదవడం అంటే ఏడుపుమొహం పెట్టే పిల్లలు కూడా మూడో పేజీ కోసం కొట్టుకునేవారు.

ఒకసారి కసాయి కొట్టు నుంచి గొర్రె మెదడు పళ్ళెంలో పెట్టి తెచ్చింది. మా పిల్లలకు మెదడంటే అంతవరకు వేపుడే. పుస్తకంలో ఉన్నది చదువుతూ ఒక్కొక్క భాగాన్నీ పుల్లతో చూపిస్తోంది. "ఇదిగో, తల వెనక భాగం. కళ్ళు ముందున్నా చూపు తెలిసేది ఇక్కడ." అంతలో ఖలీఫాగారు వచ్చారు.

"ఇది లైబ్రరీయా, కసాయి కొట్టా?"

"మెదడుకు నొప్పి తెలీదటండీ, మీరు కంగారు పడకండి!" అని వెనక బల్ల నుంచి ఎవరో అరిచారు. పాపం ఆయన నవ్వు ఆపుకోలేక వెళ్ళిపోయారు. పాఠం అయ్యాక ఆ మెదడును మా ఆయా ఉమ్ సబ్రీ ఎత్తుకుపోయి నిమ్మకాయ పిండి వేయించింది. విదాద్ తినలేదు. "దాంతో పరిచయం అయ్యాక ఎలా తినను?" అంది.

ఇలా పద్దెనిమిదేళ్ళు నడిచింది. ఆమెకు నలభై ఏడు నిండిన ఏడు, ఫిబ్రవరిలో, వాన కురుస్తున్న ఒక పొద్దున, నాలుగో తరగతి పిల్ల ఒకతి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చి చీటీ ఇచ్చింది. "ఇనాస్, నాకేదో అయింది. పిల్లల్ని భయపెట్టకుండా రా." చక్కని దస్తూరీ, ఎప్పటిలాగే గుండ్రంగా ఉంది. నేను వెళ్ళేసరికి విదాద్ కుర్చీలో కూర్చుని ఉంది. ఎదురుగా పుస్తకం తెరిచి ఉంది.

"ఇందులో ఏం రాసుందో చెప్పు," అంది.

చదివాను.

"నాకు అక్షరాలు చీమలు పాకినట్టున్నాయి. కుడి పక్కంతా మసక. సరే, నీకు పంపిన చీటీ ఇలా ఇవ్వు." తీసుకుని చూసింది. దూరంగా పెట్టి చూసింది. "ఇది నేను రాసిందేనా? ఏముంది ఇందులో?"

ఆమె మాట తడబడలేదు, చెయ్యి పడిపోలేదు. తను ఐదు నిమిషాల కింద రాసిన మాటను తనే చదవలేకపోతోంది.

ఫిక్రీ, నేనూ కలిసి మన్సూరా పట్నంలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. నిహాల్ అనే వయసులో చిన్న డాక్టరమ్మ మెదడు ఫోటోలు తీయించి, వాటిని వెలుగులో పెట్టి చూస్తోంది.

"వెనక, ఎడమవైపా?" అని అడిగింది విదాద్.

డాక్టరమ్మ తిరిగి చూసింది. "మీరు ఆసుపత్రిలో పని చేస్తారా?"

"బళ్ళో లైబ్రేరియన్‌నమ్మా."

రక్తం గడ్డ ఒకటి వెళ్ళి అక్కడ దారి మూసేసిందట. రాసే చోటు బాగానే ఉంది, మాట్లాడే చోటు బాగానే ఉంది. కంటితో చూసిన అక్షరం మాటల గదికి చేరే దారి తెగిపోయింది. కొంత తిరిగి రావచ్చు, ఎంతన్నది చెప్పలేనంది డాక్టరమ్మ. విదాద్ శ్రద్ధగా విని, తల ఊపి, అర్థమైందంది. కారులో కూర్చున్నాక దుకాణాల బోర్డులు ఒక్కొక్కటే వెనక్కి పోతుంటే ముఖం కప్పుకుని ఏడ్చింది. పద్దెనిమిదేళ్ళలో ఆమె ఏడవగా చూడడం నాకు అదే మొదలు.

తరువాత నెల రోజులు ఎవరినీ ఇంట్లోకి రానివ్వలేదు. ఫిక్రీ పేపరు కొనడం మానేశాడు. మందు సీసాల మీద కాగితాలు పీకేసి, పొద్దుటి దానికి ఒక గాటు, రాత్రి దానికి రెండు గాట్లు పెట్టిన చెక్కముక్కలు కట్టాడు. "మంచాల మీద పూలు చెక్కినవాణ్ణి, సీసాలకు నగిషీ చేసే గతి పట్టింది," అని ఆమెను నవ్వించబోయేవాడు. ఆమె నవ్వేది కాదు.

నా దగ్గరికి చీటీ తెచ్చిన పిల్ల పేరు హాగర్. పదేళ్ళుంటాయి. చేపల మార్కెట్లో కూర్చునే మనిషి కూతురు. చదవమంటే పుస్తకం వెనక దాక్కునేది. నా తరగతిలో ఏడాదంతా గట్టిగా రెండు వాక్యాలు చదివి ఎరగదు. మొద్దు పిల్ల అని నేనే చాలాసార్లు అనుకున్నాను, ఒకటి రెండుసార్లు పైకే అన్నాను కూడా. ఆ పిల్ల రోజూ నా వెంటపడింది, "అబ్లా ఇంటికి తీసుకెళ్ళండి" అని. చివరికి ఒక శుక్రవారం తీసుకెళ్ళాను.

విదాద్ సోఫాలో కూర్చుని ఉంది. హాగర్ పలకరింపులేమీ లేకుండా వెళ్ళి పక్కన కూర్చుంది.

"మీకు అక్షరాలు కనబడవంట కదా?"

"కనబడతాయే. చదవడానికి రావు."

"నాకూ అంతే," అంది హాగర్.

నేను ఆ పిల్లను నోరు మూయించబోయాను. విదాద్ చేత్తోనే నన్ను ఆపింది. "నీకెలా ఉంటుంది? చెప్పు."

"ఒకటి చూసేసరికి ఇంకోటి కదుల్తుంది. ఈలోగా పక్కపిల్ల చెప్పేస్తుంది."

హాగర్ విదాద్ అరచెయ్యి లాక్కుని, "కళ్ళు మూస్కోండి. వీపు మీద రాసే ఆటే. ఇదేంటో చెప్పండి," అంటూ వేలితో రాయడం మొదలెట్టింది.

"సీన్," అని అరబ్బీ అక్షరం పేరు చెప్పింది విదాద్.

"ఇది?"

"మీమ్."

"ఇది?"

"కాఫ్... సమక్! చేప!" విదాద్ కళ్ళు తెరిచింది. "ఇనాస్, ఇది చదవడమే కదా? నేనిప్పుడు చదివాను కదా?"

వంటింట్లోంచి ఫిక్రీ చేతిలో గరిటెతో వచ్చి నిలబడ్డాడు. "ఇంకో మాట రాయవే తల్లీ," అన్నాడు.

కన్ను మూసిన దారిని చర్మం తెరిచిందని మాకు ఆనాడు తోచింది. ఈ జబ్బున్నవాళ్ళు కొందరు వేలితో అక్షరం మీద దిద్దుకుంటూ చదవగలరని డాక్టరమ్మ తరువాత చెప్పింది. ఆ వారమే ఫిక్రీ బీచ్ అనే గట్టి చెట్టు చెక్క ముక్కల మీద అక్షరాలన్నీ లోతుగా చెక్కాడు. విదాద్ కళ్ళతో చూస్తూ వేలు పెట్టి దిద్దేది. మే నెలకు చెక్క అక్కర్లేకుండా పుస్తకంలోని గీత మీదే గోటితో దిద్దుకుంటూ ఒక వాక్యం చదవడం వచ్చింది. ఒక వాక్యానికి రెండు నిమిషాలు పట్టేది.

సెప్టెంబరులో బడికి తిరిగి వస్తానంది. చదవలేని లైబ్రేరియన్ ఏమిటని పైఆఫీసు నుంచి ఒకాయన విచారణకు వచ్చాడు. ఖలీఫాగారు ఆయన్ని నేరుగా లైబ్రరీ గంటకే తీసుకొచ్చి కూర్చోబెట్టారు. నాలుగో బల్ల దగ్గర నేనూ కూర్చున్నాను. విదాద్ పిల్లలకు ఏదీ దాచలేదు.

"నా తలలో ఇదిగో ఇక్కడ," అని వెనక చెయ్యి పెట్టి చూపించింది, "ఒక దారి మూసుకుపోయింది. చుట్టూ తిరిగి వెళ్ళాలి. అందుకే నాకు టైం పడుతుంది. ఎవరైనా ముందే చెప్పేశారంటే చెవి మెలేస్తా."

"నొప్పి పుట్టిందా అబ్లా?"

"మెదడుకు నొప్పి తెలీదని మీరే కదర్రా చెప్పాలి!"

పుస్తకం తెరిచి వేలు పెట్టింది. మొదటి వాక్యం, రెండోది, మూడోది. మధ్యలో ఒకచోట తప్పు చదివి వెనక్కి వెళ్ళి సరిదిద్దుకుంది. ముప్పై ఎనిమిది మంది పిల్లలు కదల్లేదు. వచ్చినాయన మొదట వాచీ చూసుకున్నాడు. కాసేపయ్యాక ఆయన పెదవులు కూడా ఆమెతోపాటు అక్షరం అక్షరం కదలడం చూశాను. గంట కొట్టాక లేచి, "నాకింకేం అడగాలో తెలీడం లేదు," అని వెళ్ళిపోయాడు. ఆమె జోలికి మళ్ళీ ఎవరూ రాలేదు.

అప్పటి నుంచి ఆ గది తీరే మారింది. ఇంతకుముందు ఆమె చదివితే పిల్లలు వినేవారు. ఇప్పుడు పిల్లలు చదివితే ఆమె వింటుంది. నిజంగానే ఆమెకు చదివిపెట్టే మనిషి కావాలి. అది నాటకం కాదని పిల్లలకు తెలుసు. తడబడే పిల్లలే ముందు వరసలో కూర్చునేవారు, ఎందుకంటే ఆ గదిలో అందరికన్నా నిదానంగా చదివేది అబ్లా. హాగర్ ఆ ఏడు చివర నా తరగతిలో లేచి నిలబడి పేజీ మొత్తం చదివింది. మొద్దు పిల్ల అన్నందుకు ఆ రోజు ఆ పిల్లను క్షమాపణ అడిగాను. "పర్లేదు అబ్లా ఇనాస్, మీకు తెలీదు కదా," అంది. పుస్తకం చదివి నేర్చుకోవలసింది నేనని అప్పుడు తెలిసింది.

విదాద్ రాయడం ఎప్పుడూ ఆపలేదు. ఆమె రాస్తుంది, తప్పులుంటే పిల్లలు పట్టుకుంటారు. అలా తయారైనదే తలలో దారి మూసుకుపోవడం గురించిన పుస్తకం. మూతి ఒకవైపు వాలితే, రెండు చేతులూ ఎత్తమన్నప్పుడు ఒకటి కిందికి జారితే, మాట ముద్దగా వస్తే, నిమ్మరసాలిచ్చి పడుకోబెట్టకండి, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తండి అని అందులో పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ప్రతి పిల్లా దాన్ని చేత్తో ఎత్తిరాసుకుని ఇంటికి పట్టుకెళ్ళింది.

రెండేళ్ళ తరువాత ఒక ఉదయం రఊఫ్ అనే మూడో తరగతి పిల్లవాడి తల్లి పళ్ళెం నిండా మిఠాయి పట్టుకుని బడికి వచ్చింది. టీ తాగుతుండగా మామగారికి మాట ముద్దగా వచ్చిందట. నిద్రలేదేమోలే అని ఇంట్లో అందరూ అన్నారట. వీడు మాత్రం "తాతా, రెండు చేతులూ ఎత్తు" అని పట్టుబట్టాడట. ఎడమ చెయ్యి జారిపోయింది. వీడు వీధిలోకి పరుగెత్తి టాక్సీని ఆపాడు. ముసలాయన ఇప్పుడు కర్ర పట్టుకుని మసీదుకు నడిచి వెళ్తున్నాడు.

తల్లి విదాద్ చేతులు పట్టుకుని ముద్దుపెట్టుకోబోయింది. విదాద్ వెనక్కి లాక్కుంది. "నేనేం చేశానమ్మా? చదివింది వాడు." రఊఫ్‌ని దగ్గరికి పిలిచి, "ఆ పేజీ ఒకసారి నాకు చదివి వినిపించు," అంది. వాడు ఛాతీ విరుచుకుని గబగబా చదివేశాడు.

"రెండో వాక్యంలో ఒక అక్షరం మింగేశావు," అంది విదాద్. "మళ్ళీ చదువు."