అమ్మ పలకని నా పేరు

నిన్న కడప బస్టాండులో ఎవరో ఒకామె "పాపా, యాడికి పోతాండావు?" అని కేకేస్తే, యాభై ఏళ్ల మనిషిని ఠక్కున లేచి నిలబడ్డాను.

నాకు మా జేజి పేరే, అంటే నాన్నను కన్నతల్లి పేరే పెట్టారు, శాంతమ్మ అని. ఆ పేరులోని శాంతం జేజికీ లేదు, నాకూ రాలేదు. మన ఇళ్లలో కోడళ్లు అత్తపేరు పలికేవారు కాదు, గుర్తుందా? అందుకే అమ్మకు నేనెప్పుడూ పాపనే. బళ్లో అయ్యవారు పేరడిగినా "నువ్వే చెప్పు పాపా" అని నన్ను ముందుకు తోసింది.

జేజి పోయాక, ఒక్కసారి పేరుతో పిలవమని అమ్మ దగ్గర ఏడ్చాను.

"అత్తపేరు నేనెట్లా అనేది పాపా?" అంటూ బంగినపల్లి పండు చేతిలో పెట్టి, కొంగుతో నా మూతి తుడిచింది.

అమ్మ పోయి మూడేళ్లు. ఇప్పుడు అందరూ శాంతమ్మా అనే పిలుస్తారు.

బస్టాండులో ఆమె కేకేసిన పిల్ల పరుగున వాళ్లమ్మ దగ్గరికి వెళ్లిపోయింది. నేను ఇంకాసేపు నిలబడే ఉన్నాను.