నాలుగో చెక్క తీసి పెట్టిన రోజు

వాన పట్టిందంటే నా గదిలో ఆముదం వాసన మొదలవుతుంది. నా డైరీలన్నీ పేర్చుకున్న అల్మారాలో అడుగున ఉన్న చెక్క నిజానికి అల్మారా కోసం చేసింది కాదు. ఇబ్రహీంపట్నం పాత బజారులో మా బాపు కిరాణా దుకాణం మూయడానికి నిలబెట్టే ఏడు చెక్కల్లో అది నడిమిది, నాలుగోది. దాని పైఅంచున ఉలితో కొట్టిన నాలుగు గాట్లు ఇంకా వేలికి తగులుతాయి. ఎప్పుడో పూసిన ఆముదం, గాలిలో తడి చేరగానే బయటికి వస్తుంది.

ఆ బజారు దుకాణాలు ఒకదాని గోడను ఒకటి ఆనుకుని, రాతి పునాదుల మీద డంగుసున్నంతో కట్టినవి. ముందు నల్లరాతి అరుగు, అరుగు మీద టేకు స్తంభాలు, వాటి తలల మీద ఎవరో తీరిక గల వడ్లాయన చెక్కిన చిలుకలు, లోపల దుకాణం, వెనక వంటిల్లు, పైన అటక. తెల్లవారగానే గాడిలోంచి చెక్కలు జరిపి తీసే చప్పుడు ఈ కొస నుంచి ఆ కొస దాకా పాకేది. వానాకాలంలో అవి ఉబ్బి బిగుసుకుపోతే ఆముదం గుడ్డతో రుద్దడం ఆడపిల్లల పని. వారం వారం సంత జరిగే అంగడి రోజున పెద్దచెరువు చేపల గంపలు, తడి గోనెల్లో కరుగుతున్న బెల్లం, కొత్త చింతపండు, అన్ని వాసనలూ కలిసిపోయేవి. మేం అరుగు మీద గచ్చకాయలు ఆడుతుంటే, మా నానమ్మ, మేం అవ్వ అనేవాళ్లం, నస్యం డబ్బాతో నేల మీద కొట్టి అదిలించేది. ఇంట్లో సర్వపిండి చేస్తే మొదటి ముక్క పక్కనున్న గాజుల దుకాణం బాలమణికి పంపేది. కాసేపటికే, బాలమణి కడుగునీళ్లు మా అరుగు మీదికి వచ్చాయని ఆమెతో కొట్లాట పెట్టుకునేది.

ఆ వరుసలో ఒక పద్ధతి ఉండేది. ఎవరింట్లో చావు జరిగినా, శవం బజారు దాటేదాకా దుకాణాలన్నీ మూసేవాళ్లు. పోయిన మనిషి ఇంటివాళ్లు మాత్రం తమ దుకాణానికి నాలుగో చెక్క తీసి ఉంచేవాళ్లు. ఆ సందు చూస్తే ఊరికి కొత్తవాళ్లు కూడా గొంతు తగ్గించేవాళ్లు.

పోలీసు చర్యకు ముందటి వానాకాలం అది. పగలంతా నిజాం తరఫున ఖాకీ బట్టల్లో తుపాకులతో తిరిగే రజాకార్లు, చీకటి పడితే వాళ్ల మీద తిరగబడ్డ సంఘం వాళ్లు. రాబోయే అంగడి నాడు బజారు బంద్ పెట్టాలని, దుకాణం తెరిచినవాణ్ని ద్రోహిగా చూస్తామని సంఘం నుంచి కబురు వచ్చింది. ఒక్క దుకాణం మూసినా వరుసంతా తగలబెడతామని ఖాకీల వాళ్లు దండోరా వేయించారు. అటకలన్నీ టేకువే, ఒకచోట అంటుకుంటే చివరిదాకా పోతుంది. బాపు అన్నం ముందు కూర్చునేవాడు, కలిపేవాడు, తినకుండానే లేచిపోయేవాడు.

అంగడి రోజు పొద్దున బాపు, మా రెండో పక్క దుకాణంలో గొడుగులు, లాంతర్లు బాగుచేసే ఖాసిం తాత, ఇద్దరూ మా వంటింట్లో తలలు పట్టుకుని కూర్చున్నారు. అవ్వ నస్యం దులుపుకుంది.

"ఇగ ఫికరెందుకురా? నేను సచ్చిపోత తియ్యి."

"అమ్మా, గిది నవ్వులాటనా?"

"నవ్వులాట గాదు కొడుకా. దుకాన్లు మూసినయని సంఘపోల్లు ఊకుంటరు. సావైందని గీ ఖాకీలోల్లు ఊకుంటరు. పో, నాలుగో చెక్క తియ్యి."

ఖాసిం తాత లేచి, వరుసంతా తిరిగి ఒక్కొక్కరి చెవిలో చెప్పి వచ్చాడు. బాలమణి అప్పటికే బట్టలు ఉతకడానికి చెరువుకు పోయింది. ఆమెకు ఎవరూ చెప్పలేదన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

అవ్వను దుకాణంలో చాప మీద పడుకోబెట్టి, కాలి బొటనవేళ్లు కలిపి కట్టి, తల దగ్గర దీపం పెట్టారు. తుమ్ము వస్తుందేమోనని ముక్కుల్లో దూది కాస్త వదులుగా పెట్టారు. ఈగలు తోలే పని నాకిచ్చారు. ఇంతలో బజారు కొసన మొదలైంది. మూసిన చెక్కల మీద తుపాకీ మడమతో ఒక దెబ్బ, తర్వాతి దుకాణం మీద ఇంకో దెబ్బ. దగ్గరికొస్తున్న కొద్దీ మా గోడలోని సున్నం రాలి అవ్వ చీర మీద పడుతోంది. దులపాలో వద్దో నాకు తెలియలేదు.

"మయ్యత్ హై బేటా, జూతే బాహర్," శవం ఉంది, బూట్లు బయటే, అని అరుగు మీద ఖాసిం తాత గొంతు వినిపించింది.

ఖాకీల నాయకుడు నాలుగో చెక్క సందులోంచి వంగి చూశాడు. సరిగ్గా అప్పుడే, చెరువు దారిలో కబురు విన్న బాలమణి వెనక వాకిట్లోంచి ఉరికొచ్చింది. తడి బట్టల మూట విసిరేసి అవ్వ కాళ్ల మీద పడింది.

"ఓ అత్తా! నిన్ననే గద నన్ను తిడితివి, గా నోరెట్ల మూసుకుంటివే! నా నీళ్లకు ఇగ ఎవరు కొట్లాడుతరే! నా పిల్లగాడు పోయిన్నాడు నేను పొయ్యి ముట్టియ్యకుంటె, నీ చేత్తోని తినవెడితివి గదనే! నాకు తల్లెవరే ఇగ!"

అవ్వ మూసిన కంటి కొసన నీరు చేరింది. నేను చూస్తుండగానే అది జారడం మొదలుపెట్టింది. సందులో ఆ మనిషి ముఖం ఇంకా అక్కడే ఉంది. నేను "అవ్వా" అని అరిచి ఆమె ముఖం మీద పడి, నా చెంపతో ఆ తడిని కప్పేశాను. నటించాననలేను. అది నిజమైన ఏడుపే.

"ఎప్పుడు లేపుతరు?" అన్నాడతను.

"మా తమ్ముడు... దేవరకొండ నుంచి రావాలె," అన్నాడు బాపు. భయంతో కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. దుఃఖమనుకున్నాడో ఏమో, అతను వెనక్కి జరిగాడు. ఆ తర్వాత ఏ దుకాణం మీదా దెబ్బ పడలేదు.

లారీ చప్పుడు దూరమయ్యాక అవ్వ కళ్లు తెరిచింది. బాలమణి కెవ్వుమంది. సంగతి అర్థమయ్యాక రెండు పిడికిళ్లతో అవ్వ భుజాల మీద గుద్దింది.

"నా ఏడుపు నాకియ్యి ముసల్దానా!"

"సచ్చినంక గూడ నీ నీళ్ల లొల్లి ఇడువకపోతివి," అంది అవ్వ దూది తీసుకుంటూ.

తర్వాత పట్నం నుంచి భారత సైన్యం లారీలు వచ్చేదాకా అవ్వ అరుగెక్కలేదు. వెనకింట్లోనే, చచ్చినదానిలాగే ఉంది. గాజులు మోసే మలారం మూటలో నస్యం దాచి బాలమణే తెచ్చిచ్చేది. ఖాకీల వాళ్లు మాయమయ్యాక, వాళ్ల మీది పగ ముస్లింలందరి మీదా తీర్చుకుంటున్నారని ఈసారి ఖాసిం తాత భయపడి చెక్కలు పెట్టుకుని లోపల ఉండిపోయాడు. అవ్వ తన పీట తీసుకుపోయి ఆయన అరుగు మీద వేసుకుంది. ఎవరైనా గుంపుగా వస్తే, "ఒకపారి సచ్చినదాన్ని, నన్నేం జేస్తర్రా?" అనేది. ఆయన మళ్లీ చెక్కలు తీసేదాకా ఆ పీట అక్కడే ఉంది.

కొన్నేళ్లకు అవ్వ నిజంగానే పోయింది. బాలమణి ఏడవలేదు. నాలుగో చెక్క తనే తీసి, ఆ సందు దగ్గర కూర్చుంది. "నాదప్పుడే ఇచ్చిన," అంది.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ వరుస పోయింది. చిలుకల స్తంభాలు ఎవరు కొనుక్కున్నారో తెలియదు, ఈ చెక్క మాత్రం నేను అడిగి తెచ్చుకున్నాను. ఇప్పుడక్కడ ఇనుప షట్టర్లు, సెల్‌ఫోన్ల దుకాణాలు, ఆదిభట్ల పోయే కంపెనీ బస్సుల కోసం నిలబడ్డ పిల్లలు. మొన్న మా వీధిలో ఒక పెద్దాయన పోతే, పాడె దుకాణాల ముందు నుంచే పోయింది. ఒక్క షట్టరూ దిగలేదు. వాళ్ల తప్పేం లేదు, పక్కనున్నది ఎవరో వాళ్లకు తెలియదు.

ఇంటికొచ్చి, డైరీలన్నీ మంచం మీదికి దించాను. చెక్క బయటికి లాగి గోడకు ఆనించాను. పాడె ఊరు దాటేదాకా అల్మారాలో ఆ సందు అట్లాగే ఉంచాను.