టేపు కింద చేప

“‘ర’ లోపలి ముక్కకి కట్టు ఉంచావా?” అని అడిగాడు మా ఆయన. “ఉంచాను మావా, పడుకో” అన్నాను. మేమిద్దరం మాట్లాడుకున్న ఆఖరి మాటలు అవే. తెల్లారేసరికి ఆయన లేడు. కరోనా తగ్గిన మరుసటి ఏడాది, ఇంకా ఎండలు ముదరక ముందు జరిగిందిది. పెద్దకర్మ అయిన వారానికి గవర్నర్‌పేటలో ఆయన పనిచేసిన షాపు మెట్లెక్కాను. నా ఉద్యోగం అక్కడ మొదలైంది.

ఆ షాపులో బోర్డులు రాసేవారు, సరుకు పెట్టెల మీద గుర్తులు వేసే అచ్చు రేకులు చేసేవారు. పల్చటి రేకులో ఆకారాన్ని ఉలితో కోసి తీసేస్తే ఆ కంతలోంచి రంగు అద్దుకోవచ్చు. ‘ర’ లాంటి అక్షరాన్ని చుట్టూతా కోస్తే నడిమి ముక్క ఊడి కింద పడుతుంది. పడకుండా అక్కడక్కడ సన్నటి రేకు పట్టీ వదిలేస్తాం. దాన్నే మేము కట్టు అనేవాళ్ళం. కట్టు ఉన్నచోట రంగు పడదు, గీత తెగుతుంది. అయినా చూసేవాళ్ళెవరికీ తెగినట్టు అనిపించదు.

షాపులో పెద్ద హోదా పెయింటరుది. గీసేది ఆయన. గీసినదాన్ని కోసేవాళ్ళు కట్టర్లు, ఆయన తర్వాతే. మా ఆయన పెయింటరు. ఆయన ఇంటికి తెచ్చిన రేకులు ఏళ్ళ తరబడి కోసింది నేను. నా చదువు సంతకం దాకానే. అక్షరాలు నాకు వంపులుగా, సందులుగా తెలుసు.

యజమాని సత్యంగారు మొహమాటం లేకుండా చెప్పారు. “కొయ్యడం నీకొచ్చు నాగమణీ, కాదనను. ఎప్పుడైనా గీశావా? కోతకైతే కంప్యూటరు మిషను తెస్తున్నాను. ఆయన బల్ల కావాలంటే బందరు పార్టీ పనొకటి ఉంది, నువ్వే గీసి నువ్వే కొయ్యి. ఆ పని నిలబడితే బల్ల నీది. లేకపోతే నేనేం చెయ్యలేను.” నాకు వేరే పని తెలియదు. సరేనన్నాను.

బందరు పార్టీ అంటే వెంకాయమ్మగారు, చేపల వ్యాపారం. ఐసు వేసిన చేపల్ని తెల్లటి థర్మాకోల్ పెట్టెల్లో సర్ది, లారీ మీద పై రాష్ట్రం మార్కెట్టుకి పంపేది. అక్కడి హమాలీలకు తెలుగు రాదు. గుర్తు చూసే ఏ పెట్టె ఏ ఏజెంటుకో విడదీస్తారు. ఈవిడ పెట్టెలు మాటిమాటికీ వేరేవాళ్ళ కొట్లకి పోయేవి. వెతికి తెచ్చేసరికి చేప మెత్తబడేది. అప్పటి గుర్తు ఒక గుండ్రం, అందులో చేప, చేప పొట్టలో పేరు, కింద ఊరు, ఫోను నంబరు.

“ఇంకా పెద్దది చెయ్యి. లోపల మా నాన్న పేరు కూడా పెట్టు” అంది ఆవిడ.

“ఉన్నవాటికే చోటు లేదండీ.”

“చోటు నువ్వు చూస్తావనేగా బస్సెక్కి వచ్చింది!”

సరుకు నింపిన పెట్టె ఎలా ఉంటుందో చూపించమన్నాను. ఫోనులో ఫొటో తీసింది. చూడగానే విషయం తెలిసిపోయింది. ఖాళీ పెట్టెలు వచ్చినరోజే తీరిగ్గా కూర్చుని పక్కవైపు నడిమధ్యన గుర్తు అద్దేస్తారు. తర్వాత సరుకు నింపి, వెడల్పాటి గోధుమరంగు టేపు పెట్టె నడిమికే మూత మీంచి నిలువుగా చుడతారు. చేప పొట్ట, పొట్టలో పేరు రెండూ టేపు కిందే. అద్దేవాళ్ళు వేరు, చుట్టేవాళ్ళు వేరు కాబట్టి ఎవరికీ పట్టలేదు.

టేపునే కట్టు అనుకుంటే సరిపోతుంది కదా అనిపించింది నాకు. గుండ్రం తీసేశాను. చేపను రెండు ముక్కలు చేసి, తల టేపుకి ఎడమవైపు, తోక కుడివైపు పెట్టాను. తల ముక్కలో వీపు గీత ఏ వాలులో ఆగిందో, తోక ముక్కలో అదే వాలులో మళ్ళీ మొదలయ్యేలా గీశాను. గీత దారి తప్పకపోతే కన్ను టేపు కింద నుంచి కూడా దాని వెంటే వెళ్తుంది. తండ్రీకూతుళ్ళ పేర్లు, ఊరు, నంబరు అన్నీ దగ్గర దగ్గరగా చేర్చి మూత మీద ఒక మూలకి పంపాను. దగ్గరగా ఉన్నవాటిని కన్ను ఒకే కుటుంబం అనుకుంటుంది, వెతుక్కోదు.

రేకు పట్టుకుని నేనే బందరు వెళ్ళాను. థర్మాకోల్ మీద ఆయిల్ పెయింటు పడితే కరిగి గుంట పడుతుంది, అందుకని నీళ్ళ రంగు స్పాంజితో అద్దించాను. ఒక్క పెట్టెను చూస్తే చేప నిండుగా ఉంది. ఆ సాయంత్రం లారీకని పెట్టెలన్నీ ఒకదాని పక్కన ఒకటి వరసగా పెట్టారు. వెంకాయమ్మగారు నడుముమీద చేతులు పెట్టుకుని చూసి ఒకటే నవ్వు.

“ఏమే అమ్మాయ్, నేను పుట్టిందీ పెరిగిందీ ఈ సముద్రం ఒడ్డునే. మూతి ముందు తోకున్న చేపను ఇప్పటిదాకా చూళ్ళేదు!”

నిజమే. టేపు వంకరగా చుడతారేమోనని భయపడి రెండు ముక్కల్నీ పెట్టె అంచుల దాకా జరిపాను. దాంతో ఈ పెట్టె తోకకి దాని తల కంటే పక్క పెట్టె తలే దగ్గరైంది. కన్ను ఆ రెండింటినీ కలిపేసింది. పెట్టె వరసలో ఉంటుందని బల్ల దగ్గర కూర్చున్న నాకు తోచలేదు. నవ్వడం అయ్యాక ఆవిడ ముఖం మారింది. “లారీ ఆగదు. పాత రేకే వేయించేస్తాను” అంది. పాత రేకు పడితే నా బల్ల పోయినట్టే.

“లారీ వచ్చేలోపు ఇస్తానండీ” అన్నాను. ఉలి, ఖాళీ రేకు సంచిలోనే ఉన్నాయి. ఒక చెక్క మొద్దు అడిగి, దానిమీద కొత్త రేకు వేసి కోశాను. చేపను చిన్నది చేశాను. ముక్కల మధ్య సందు టేపు వెడల్పుకి కాస్త ఎక్కువంతే. అంచుల దగ్గర ఇటూ అటూ బాగా ఖాళీ వదిలాను.

“డబ్బులు తీసుకునేది ఖాళీకా?” అంది వెంకాయమ్మగారు.

“ఆ ఖాళీయేనండీ ఏ తోక ఎవరిదో చెప్పేది.”

పెట్టెలు రెండోవైపుకి తిప్పించి కొత్త గుర్తు అద్దించాను. మళ్ళీ వరస పెట్టారు. ఈసారి ఎక్కడ నిలబడి చూసినా ఏ పెట్టె చేప ఆ పెట్టె మీదే ఉంది. లారీ ఎక్కిస్తున్న హమాలీ ఒకడు, “ప్లాస్టరేసుకున్న చేప ముందు ఎక్కించండ్రా” అని కేకేశాడు. టేపును ప్లాస్టరు అన్నాడంటే, దాని కింద చేప మొత్తం వాడికి కనిపించిందన్నమాట. నా గుండె అక్కడ కుదుటపడింది.

అవతలి మార్కెట్టు నుంచి ఏజెంటు ఫోను చేశాడు, పెట్టెలన్నీ తన కొట్టు ముందే దిగాయని. ఆ తర్వాత కూడా ఒక్క పెట్టె దారి తప్పలేదు. సత్యంగారు బల్ల మీద సామాను తీయించి నన్ను కూర్చోమన్నారు. హాజరులో నా పేరు పక్కన పెయింటరు అని రాయించారు. ఆ షాపులో ఆ హోదాకి వచ్చిన ఆడమనిషిని నేనే. నిరుడు కళ్ళు మసకబారి మానేసేదాకా ఆ బల్ల మరొకరికి పోలేదు.

నేను చెబుతుంటే ఇది రాస్తున్నది నా మేనకోడలు శిరీష, కాలేజీలో డిజైను పాఠాలు చెబుతుంది. ఇవన్నీ గెస్టాల్ట్ సూత్రాలంటుంది, అంటే కన్ను ముక్కల్ని కలిపి మొత్తంగా చూసే పద్ధతులట. తన క్లాసు పిల్లలకి నా రేకు చూపించి పాఠం చెప్పింది కూడా.

ఆ పనిలో నేను నేర్చుకున్నది ఇదీ. మనం గీసేది సగమే, మిగతా సగం చూసేవాడి కన్ను గీసుకుంటుంది. దగ్గరున్నవాటిని కలపడం, తెగిన గీతను సాగదీయడం దాని అలవాటు. కాబట్టి గుర్తును బల్లమీద చూసి సరే అనకూడదు. అది ఉండబోయే చోట, దాని పక్కవాటితో కలిపి చూడాలి.

అంతే. శిరీషా, ఇక మొదటి నుంచి చదివి వినిపించు. మెల్లగా చదువు. నేను అనని గొప్ప ఒక్కటి కలిపినా, అన్న గొప్ప ఒక్కటి తీసేసినా నాకు తెలిసిపోతుంది.