బల్బు వెలగని ప్రారంభోత్సవం

ప్రొద్దుటూరు బయట ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో నేను పాఠాలు చెప్పే రోజుల్లో, ప్రయోగశాలలో నాతోపాటు ఒక కుర్ర లెక్చరర్ పనిచేసేవాడు. నన్ను అక్కా అని పిలిచేవాడు. పులివెందుల వైపు పల్లె. ఆ ఊళ్ళో రెండు పక్షాలు. ఆ కాలంలో లేని ఊరేది? వాళ్ళ నాయన ఎవరి వెంటా తిరగకుండా చీనీ తోట, అదే బత్తాయి తోట, చూసుకుంటూ బతికిన మనిషి. అయినా ఇల్లు ఏ వీధిలో ఉంటే ఆ వీధి పక్షం కిందే లెక్క; బయటివాళ్ళకైతే ఊరు మొత్తం ప్రతిపక్ష పార్టీదే.

మేమిద్దరం చేస్తున్నది ఫ్యూయల్ సెల్. పింగాణీ లాంటి పలుచని పలకకు ఒకవైపు హైడ్రోజన్, ఇంకోవైపు గాలి తగిలేట్టు చేస్తే మంట లేకుండానే కరెంటు పుడుతుంది. కాకపోతే ఉక్కు ఎర్రబడేంత వేడి ఉండాలి. పలకలు వేరేచోట నుంచి వచ్చేవి. వాటిని ఉక్కు పళ్ళేల మధ్య పెట్టి, గ్యాసు కారకుండా అంచులు అతకడం మా పని. ఆ వేడికి రబ్బరు మాడిపోతుంది. వెల్డింగు పింగాణీకి పట్టదు. అందుకని గాజు పొడిని జిగురుతో ముద్దచేసి, అంచుల వెంట పూసి, ఫర్నేసులో పెట్టేవాళ్ళం. గాజు కరిగి రెంటినీ పట్టుకునేది. చిక్కంతా చల్లార్చడంలోనే. ఉక్కూ గాజూ కలిసి కుంచించుకోవాలి. తొందరపడితే వెంట్రుకంత పగులు వస్తుంది, అంతటితో సరి.

అతికిన పళ్ళేలను బకెట్టు నీళ్ళలో ముంచి, సైకిలు పంపుతో గాలి కొట్టి చూసేవాళ్ళం. నెలల తరబడి బుడగలే వచ్చాయి. చివరికి ఒకరోజు పంపు ఎంత కొట్టినా నీళ్ళు కదల్లేదు. వాడు బకెట్టు పక్కనే కూలబడి, "అక్కా, పట్టిందక్కా!" అన్నాడు. నేను క్యాంటీనుకు పోయి అందరికీ టీ చెప్పి వచ్చాను.

ఆ తర్వాత అలాంటి పలకలు కొన్ని పేర్చి, ఒక చిన్న బల్బు వెలిగించాం. ఆ మాట ప్రిన్సిపాల్ చెవినపడింది. కొత్త భవనం ప్రారంభానికి అధికార పార్టీ నాయకుడొకరు వస్తున్నారు, ఆయన చేత ఆ బల్బు కూడా వెలిగించాలన్నాడు. మేం ముందురోజే ఫర్నేసు పెట్టి మెల్లగా వేడెక్కించాం. పొద్దున్నకు అంతా సిద్ధం. నాయకుడు మీట నొక్కడమే తరువాయి.

ఆయన రావడానికి ముందు ఆయన మనుషులు రెండు జీపుల్లో వచ్చి గదులన్నీ వెతికారు. మా గదిలో వాళ్ళకు కనిపించింది ఒక ఇనుప పెట్టె, దాని పక్కన గ్యాసు సిలిండరు, పెట్టెలోకి పోతున్న గొట్టాలు. ముందున్న మనిషి పెట్టె దగ్గర చెయ్యి పెట్టి వెనక్కి తీసుకున్నాడు.

"ఏందప్పా ఇది, ఇట్ల కాలిపోతాంది?"

మావాడు ఓపిగ్గా చెప్పబోయాడు. ఆ మనిషి మధ్యలోనే ఆపి, "యా ఊరు నీది?" అన్నాడు.

మావాడు ఊరి పేరు చెప్పాడు. వెంటనే ఇంకొకడు, "ఆ ఊరోడు పెట్టిన పెట్టెనా? తెరువు. లోపలేముందో సూపియ్యి" అన్నాడు.

"ఇప్పుడు తెరిస్తే లోపల అతుకులన్నీ పగిలిపోతాయన్నా. శానా మెల్లగా చల్లారాల."

"పగిలితే పగల్నీ. మా పెద్దాయన ప్రాణం కంటే ఎక్కువా?"

గుమ్మంలో ఎస్సై ఉన్నాడు. నేను ఆయన వైపు చూశాను. ఆయన కిటికీ వైపు చూశాడు. ప్రిన్సిపాల్ చేతులు జోడించి, "తెరిచేయండి మేడమ్, తెరిచేయండి" అన్నాడు. మావాడు గ్యాసు కట్టేశాడు. ఇంకెవడో మెయిన్ స్విచ్ ఆపేశాడు, ఇనుప కమ్మీతో ఫర్నేసు తలుపు లాగేశాడు. ఎర్రగా ఉన్న పలకల మీదికి చల్లగాలి కొట్టింది. టిక్కు టిక్కుమని సన్నగా వినిపించింది. మావాడు మొహం తిప్పుకున్నాడు. లోపల బాంబు లేదని తేలాక, వాళ్ళు తలుపు మూసి, మళ్ళీ వేడి పెట్టుకోమని చెప్పి పోయారు. ఇక వెలగదని నేను చెప్పినా, కార్యక్రమం ఆపలేమన్నాడు ప్రిన్సిపాల్.

నాయకుడు వచ్చాడు, మీట నొక్కాడు. బల్బు వెలగలేదు. వెనక ఎవడో కిసుక్కుమన్నాడు. ఆయన వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

సాయంత్రానికల్లా కథ తయారైంది: ఎదుటి పార్టీ ఊరివాడు కావాలనే పెద్దాయన పరువు తీశాడు. కాలేజీ విచారణ పెట్టింది. నేను జరిగిందంతా చెప్పాను, పగిలిన అతుకులు బల్ల మీద పెట్టి చూపించాను. కమిటీలో పెద్ద మనిషి వాటిని ముట్టుకోలేదు.

"గాజు పగిలింది మేడమ్, కాదన్లేదు. పగలగొట్టిందెవరు?"

"తలుపు తెరిపించినవాళ్ళు."

"అట్ల రాసుకోలేం కదమ్మా."

నన్ను మాత్రం ఏ పక్షమని ఎవరూ అడగలేదు. జమ్మలమడుగు క్రైస్తవ మిషన్ కాంపౌండులో, బడిపంతులు ఇంట్లో పుట్టినదాన్ని. మాకూ ఒక పక్షం ఉంటుందని ఎవరికీ తోచదు. వాడి ఉద్యోగం పోయింది. నాకు ఫస్టియర్ క్లాసులు మిగిలాయి. ఆ వారంలోనే ఎవరో వాళ్ళ నాయన చీనీ చెట్లు మొదళ్ళకు నరికిపోయారు. ప్రయోగశాలను స్టోరు రూము చేశారు.

కొన్నేళ్ళకు, ఎన్నికల ముందు, మైదుకూరు బస్టాండులో వాడు కనిపించాడు. తెల్లచొక్కా, మెడలో ఎదుటి పార్టీ కండువా, చుట్టూ నలుగురు మనుషులు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"ఏంది నాయనా, ఈ వేషం?"

"ఏం చేయాలక్కా? ఆ పొద్దు నుంచి నేను ఈళ్ళ మనిషినే అన్నారు. చెట్లు కొట్టేసినప్పుడు మా ఇంటికొచ్చింది కూడా ఈళ్ళే. ఇంగెవురూ రాలా."

అతుకుల పని గురించి అడుగుతాడేమోనని చూశాను. అడగలేదు. ఇంతలో జీపు వచ్చి ఆగింది, మనుషులు "అన్నా" అని పిలిచారు. ఎక్కబోతూ వెనక్కి తిరిగాడు.

"అక్కా, మీ కాంపౌండు ఓట్లు ఈసారి మాకే పడాల."

నవ్వుతూ అన్న మాట కాదది.