అవ్వ మైకు, తాతయ్య స్క్రూలు

నా చిన్నప్పుడు ఏడో తరగతంటే నాకు ఎంత ఇష్టమంటే, దాన్ని మూడేళ్లు చదివాను. నాలుగో ఏడు కూడా చదివేవాణ్నే గానీ, సారుకే విసుగొచ్చింది. ఎవరేమన్నా దానికి నేనో మాట అతికించడం, తరగతంతా పడీపడీ నవ్వడం, నేను వెళ్లి వరండాలో నిలబడడం, ఇదీ నా చదువు. అట్లా బడి మానేసి ఇంటిపట్టున పడి ఉన్న ఏడాది సంగతి ఇది.

మాది బాన్సువాడ. నిజాంసాగర్ కాలువ కింద కొంత వరి పొలం ఉండేది. మా వాడలో ఒక భజన మండలి కూడా ఉండేది. అందులో పాట ఎత్తుకునేది మా అవ్వ, మా నాయన తల్లి. ఆమె చరణం పాడితే మిగతావాళ్లంతా అందుకోవాలి. మద్దెల, తాళాల మోతలో ఆమె గొంతు వినబడడం లేదని మండలివాళ్లు ఒక మైకు కొన్నారు. పేరుకు మండలిదే గానీ, అది ఉండేది మా ఇంట్లో, పాత చీర ముక్కలో చుట్టుకుని, దేవుడి గూట్లో. అవ్వ తప్ప ఎవరూ దాన్ని ముట్టేవాళ్లు కాదు.

ఆ ఏడు దసరా పోయాక అవ్వకు జ్వరం తగిలింది. తగ్గిందనిపించాక, కార్తీకంలో మొదటి సోమవారం సాయంత్రం భజనకు వచ్చి పాట ఎత్తుకుంది. మైకులోంచి వచ్చిన గొంతు మా అవ్వది కాదు. కుండలో తల దూర్చి పాడినట్టుంది. మద్దెల మోత కింద నలిగిపోయింది. వెనక కూర్చున్నవాళ్లకు చరణం అందక, ఎవరికి తోచింది వాళ్లు పాడారు. అంతా అయ్యాక మండలి పెద్దమనిషి మెల్లగా దగ్గరికొచ్చి, "అక్కా, పాణం ఇంకా మంచిగ కాలేదు. వచ్చే సోమవారం సంది పక్కింటామె ఎత్తుకుంటది తియ్యి, నువ్వు పక్కన కూసో" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. అవ్వ సరేనంది. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని మాత్రం ముద్ద ముట్టలేదు. "ఇగ నా గొంతు అయిపోయింది" అని లేచిపోయింది.

జ్వరం వల్లే అన్నారు మా అమ్మానాయనలు. తాతయ్య ఒక్కడే ఆ మాట నమ్మలేదు. మర్నాడు పొద్దున కోతకు పోకుండా, పొలం మోటరు స్టార్టరు విప్పే సామాన్ల సంచి తెచ్చి, అరుగు మీద గోనెపట్టా పరిచి, మైకు ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

"ఇన్నేండ్ల సంది ఇంటున్న, మీ అవ్వ గొంతు నాకెరుక లేదా? తప్పు దీన్లనే ఉన్నది" అన్నాడు నాతో.

బాగుచేసే దుకాణానికి పంపాలంటే నిజామాబాద్ పోవాలి. వచ్చే సోమవారానికి అది తిరిగొస్తుందన్న నమ్మకం లేదు. తాతయ్యేమో అంతవరకు మైకు లోపల ఏముంటుందో చూసినవాడు కాదు. మొదట వైరు చూశాడు. కొస నుంచి కొస దాకా వంచాడు, లాగాడు. అది బాగానే ఉంది.

నేనూరుకుంటానా! "తాతా, స్టార్టరు లెక్క రెండు తన్నులు తన్నరాదు, మాట్లాడతది" అన్నాను.

"తంతే బాగయ్యేదుంటే నువ్వు ఎప్పుడో బాగయితుంటివి" అని తలెత్తకుండానే అన్నాడు.

మైకు తలకాయకు గుండ్రటి ఇనుప జాలీ, దాని అంచున చిన్న చిన్న స్క్రూలు. అవి తీసి గోనెపట్టా మీద పెట్టి జాలీ ఊడదీశాడు. లోపల ఒక స్పాంజి ముక్క. పట్టుకోగానే తాతయ్య వేళ్లు ఎర్రబడ్డాయి. స్పాంజి మెత్తగా లేదు, ఎండిన రొట్టెలా గట్టిపడి ఉంది.

కుంకుమ. ఇద్దరికీ ఒక్కసారే అర్థమైంది. దసరా నాడు ఇంట్లో పనిముట్లన్నిటికీ పూజ చేస్తాం కదా. నాగలికి, కొడవళ్లకు, స్టార్టరు డబ్బాకు, సైకిలుకు తలా ఒక బొట్టు పెట్టిన అవ్వ, తన పనిముట్టు ఇదేనని మైకు మూతికి మాత్రం అమ్మవారి ముఖానికి పూసినట్టు పసుపు కుంకుమలు దండిగా పూసింది. పైన కొబ్బరినీళ్లు చల్లింది. అదంతా జాలీలోంచి దిగి, స్పాంజిలో ఇంకి, అట్టకట్టింది. జ్వరం అవ్వకొచ్చింది గానీ, గొంతు పూడింది మైకుకు.

నా నాలుక మీద వెంటనే ఒక మాట తయారైంది. చాలా గొప్ప మాట. వింటే వాడంతా నెల రోజులు చెప్పుకుని నవ్వేది. సరిగ్గా అప్పుడే అవ్వ చాయ్ గ్లాసుతో బయటికొచ్చింది. నేను నోరు తెరిచాను. తెరిచిన నోట్లో తాతయ్య ఆ స్క్రూలన్నీ చటుక్కున పెట్టేశాడు.

"పెదాల నడుమ గట్టిగ పట్టుకో. ఒక్కటి పోయినా మైకు కథ గంతే" అన్నాడు. రెండో చేత్తో స్పాంజిని రుమాలులో చుట్టి మోకాలి కింద పెట్టుకున్నాడు.

"ఏమైందంట?" అని అడిగింది అవ్వ.

"దుమ్ము వట్టింది. కోతల దినాలు గదా. నీ గొంతుకేం గాలే."

అవ్వ అక్కడే గడప మీద కూర్చుంది. నిజమా అని మళ్లీ అడిగింది. తాతయ్య మళ్లీ దుమ్మే అన్నాడు. ఇనుము రుచి చప్పరిస్తూ నేను ఆమె ముఖం చూస్తూ ఉండిపోయాను. రాత్రి నుంచి ముడుచుకుపోయిన ముఖం, ఎండ తగిలిన పువ్వులా మెల్లగా విప్పుకుంది. చాయ్ ఇచ్చి లోపలికి పోతూ సన్నగా ఒక రాగం తీసింది. నా మాట బయట పడి ఉంటే ఆ రాగం వచ్చేది కాదు. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు, నోరు మూసుకుని ఉన్నాను కాబట్టి నాకే వినబడింది.

తాతయ్య స్పాంజిని బోరింగు కింద ఎర్రనీళ్లు పోయేదాకా పిండి ఆరేశాడు. జాలీని నమిలిన వేపపుల్లతో తోమాడు. లోపల ఉల్లిపొర లాంటి పల్చటి పొర, దానికి వెంట్రుకలంత సన్నటి తీగలు కనిపిస్తే, వాటి జోలికి మాత్రం పోలేదు. అన్నీ ఆరాక నా నోట్లోంచి ఒక్కో స్క్రూ అడిగి తీసుకుని బిగించాడు.

సోమవారం మైకును తనే తీసుకుపోయి అవ్వ ముందు నిలబెట్టాడు. అవ్వ గొంతు వాడ చివరి దాకా వెళ్లింది. అందరికన్నా ముందు చరణం అందుకున్నది ఆ పక్కింటామే.

ఆనాటితో నేను పరాచికాలు మానేశానంటే మా ఇంట్లోవాళ్లే నవ్వుతారు. ఈ వయసులోనూ రోజుకు పదిమందిని ఆటపట్టించనిదే నాకు పొద్దుపోదు. కానీ ఒక మాట నాలుక మీదికి రాగానే, అది ఎవరి గొంతు పూడుస్తుందోనని ఒక్క క్షణం చూసుకుంటాను. ఎవరినీ నొప్పించకుండా నవ్వించే మాటైతే బయటికి వదులుతాను, లేకుంటే మింగేస్తాను. ఆనాడు తయారైన మాట ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఇక్కడ కూడా రాయను.

భజన జరిగిన మర్నాడు అవ్వ బోరింగు దగ్గర బట్టలుతుకుతుంటే పోయి, "చూసినవా అవ్వా, తాత దుమ్ము దులిపినాక నీ గొంతు ఎట్ల మోగిందో!" అన్నాను, ఏమీ తెలియనట్టు.

అవ్వ బట్టలు పిండుతూనే అంది: "మీ తాత రుమాలు ఉతికేది నేనే గదరా, దుమ్ము యాడనన్న ఎర్రగుంటదా? మైకుకేమైందో నాకు ఎరుకే బిడ్డా. ఆ పొద్దు నీ నోటికేమైందనే నా ఫికరంత!"