యోసేపు బండికి ఏటేటా కొత్త మొహం

హన్నమ్మకు కోపం వస్తే మాట పెరగదు, పని పెరుగుతుంది. ఆ రోజు పొద్దున్నే తోమిన గిన్నెలే మళ్లీ తోముతూ కూర్చుంది. వాకిట్లో మరిది జేమ్స్ ఆమె మొగుడు కారు ముందర బిగించడానికి చేసిన రేకు మొహాలను ఒక్కొక్కటే తెచ్చి పాత ఇనుము వాడి తోపుడు బండిలో వేస్తున్నాడు.

ఆమె మొగుడు యోసేపు వానాకాలంలో పోయాడు. నారాయణఖేడ్ బస్ డిపో వెనక రేకుల షెడ్డులో ఆటోలు, ట్రాక్టర్లు బాగుచేసి బతికినవాడు. అయితే ఊరికి అతను తెలిసింది వాటితో కాదు, షెవ్రోలె కారుతో. మిషన్ బంగ్లాలో ఉండిన అమెరికా దొర తన దేశం వెళ్లిపోతూ డ్రైవరుగా చేసిన యోసేపు తండ్రికి వదిలిపోయిన కారు అది. పందొమ్మిది వందల యాభై అయిదు నాటిది. దానితోపాటు పాత పత్రికల కట్ట ఒకటి మిగిలింది. అందులో ఆ కారు బొమ్మలు ఏడాదికొక తీరు. యాభై అయిదులో ముందరి జాలీ సన్న గళ్ల జల్లెడలా ఉంటే, మరుసటేడు అది ఈ దీపం నుంచి ఆ దీపం దాకా సాగింది. ఆపై ఏడు వెనక రెక్కలు లేచాయి. లోపల ఇంజనూ అంతే. ఆరు సిలిండర్లది ఉండగానే ఎనిమిది సిలిండర్లది వచ్చింది, దానికీ ఏటికేడు బలం పెంచారు.

యోసేపు ఆ బొమ్మలను షెడ్డు గోడకు అంటించుకున్నాడు. చూసి చూసి అతని బుర్రలో ఒకటే నాటుకుంది: కారన్నాక ఏటా మారాల్సిందే. కంపెనీలు ఏటా కొత్త కారు చేస్తాయి తప్ప, ఉన్న కారునే మార్చవని ఎవరూ చెప్పలేదు, చెప్పినా వినేవాడు కాదు. ప్రతి క్రిస్మస్‌కూ కారు ముందరి పాత మొహం విప్పి కొత్తది బిగించేవాడు. నూనె డబ్బా రేకు, మంచం పట్టీలు, తుక్కు బస్సు అంచులు, చేతికి ఏది దొరికితే అది. పంట బాగా పండిన ఏడు జొన్న కంకుల వరస. కరువొచ్చి కంగ్టి వైపు ఊళ్లు సగం ఖాళీ అయి జనం పనులకు పోయిన ఏడు ఒట్టి నిలువు కడ్డీలు. ఇంజను కూడా రెండుసార్లు మారింది. ఇప్పుడున్నది తుక్కు జీపులోంచి తెచ్చిన డీజిల్‌ది. పండగనాడు చర్చి ముందు కారు ఆగితే అందరికన్నా ముందు వెల్డింగ్ షాపు దేవప్ప వచ్చి చుట్టూ తిరిగేవాడు.

"ఈయేడు మోడలు అచ్చం నీ లెక్కనే ఉన్నదిరా యోసేపూ. పండ్లు బయటికొచ్చినయ్" అనేవాడు.

ఈ క్రిస్మస్‌కు ముందు పట్నం నుంచి పెద్దమనిషి ఒకడు వచ్చాడు. పాత కార్ల ఊరేగింపు జరుపుతారట. ఈ రేకులన్నీ పీకేసి కంపెనీ చేసినట్టు చేస్తే, యోసేపు పేరు పలక మీద రాయించి ముందు వరసలో నిలబెడతానన్నాడు. జేమ్స్ కరిగిపోయాడు. యాభై అయిదు నాటి జాలీ ఎక్కడినుంచో తెప్పించాడు కూడా. అంతా అన్న మీద ప్రేమతోనే. హన్నమ్మకు అదే మరింత మండింది. పగతో చేసినవాణ్ణయితే నోరారా తిట్టొచ్చు.

వాకిట్లో జేమ్స్ చివరి మొహం ఎత్తాడు. హన్నమ్మ గిన్నె విసిరికొట్టి లేచింది.

అది ఈ ఏటిది. ఒక పక్క వంపు తిరిగి నున్నగా ఉంది. రెండో పక్క రేకు రేకులాగే ఉంది. ఆ వంపు కొడుతుండగానే యోసేపు ఛాతీ పట్టుకున్నాడు. దవాఖానకు పోదాం లెమ్మని ఆమె రెక్క పట్టి గుంజింది.

"ఈ ఒక్క వంపు కానియ్యే, వస్త" అన్నాడు.

సుత్తి లేచింది. దిగలేదు. అప్పటినుంచి ఆ రేకు కంటబడితే చాలు, ఆమెకు ఒళ్లు మండేది. తీసుకుపోయి ఏ పాడు బావిలోనో పారేద్దామని ఎన్నిసార్లు అనుకుందో. కాని పారేస్తే తను పారేయాలి. జేమ్స్ ఎవడు?

"దించు" అంది.

"వదినె, బండి అసలు రూపంల ఉంటేనే అన్నకు ఇజ్జత్. గీ రేకులు చూస్తే పట్నమోళ్లు నవ్వుతరు."

"అసలు రూపం ఏందిరా? గా కంపెనోడు ఏటేట మార్చలేదా? వాడు మారిస్తే కొత్త మోడలు, మీ అన్న మారిస్తే తుక్కా?"

గోడ దగ్గర నిలబడి ఇదంతా చూస్తున్న దేవప్ప బీడీ పారేసి, ఎవరూ చెప్పకుండానే తోపుడు బండిలోని రేకులు కిందికి దించసాగాడు. అది చూసి జేమ్స్ గొంతు తగ్గించి, సరే, ఇదే బిగిద్దామన్నాడు. మిగిలిన సగం దేవప్పతో కొట్టిస్తానన్నాడు.

"ఎవ్వడు ముట్టొద్దు. వస్త అన్నడు, రాలే. మీ అన్న ఏడ ఆపిండో ఊరంత చూడాలె. నువ్వే బిగియ్, నీ చేతులతోనే."

జేమ్స్ వంగి బోల్టులు తిప్పుతున్నంతసేపూ ఆమె అక్కడే నిలబడింది.

క్రిస్మస్ పొద్దున కారు సగం మొహంతో చర్చి ముందు ఆగింది. జనం చూశారు, తప్పుకుని దారిచ్చారు. దేవప్ప ఎప్పట్లాగే చుట్టూ తిరిగి వచ్చి, భుజం మీది తువ్వాలతో వంపు తిరగని పక్క పట్టిన దుమ్ము తుడిచాడు.

లోపల పాస్టరు యోసేపును తలచుకుని ప్రభువు ప్రార్థన ఎత్తుకున్నాడు. అందరితోపాటు హన్నమ్మ కూడా చెప్పింది. మా ఎడల తప్పు చేసినవాళ్లను మేము క్షమించినట్టు అనే మాట దగ్గర మాత్రం పెదవులు బిగించింది.